ఇంటిపేరు అడిగిన గుంపు

పోయిన వారం చారులతను పోదనూరు రైల్వే కాలనీ వెనక సందులో, ఒక పచ్చ తలుపు ముందర నిలబెట్టి వదిలేశాం. ఒక చేతిలో మల్లెపూల పొట్లం, ఇంకో చేతిలో పట్టుచీర పెట్టిన సంచి, నడినెత్తిన ఎండ. పాపం, చెయ్యి ఖాళీ లేక ఆ పిల్ల మోచేత్తో తలుపు తట్టింది. అక్కడే ఆగాం కదా. ఇప్పుడు తెరుచుకుంటుంది. అంతలోగా మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు మాటలు.

కోయంబత్తూరు పక్కన ఈ పోదనూరులో తెలుగువాళ్ళ కల్యాణ మండపం ఒకటుంది. తాతల నాడు కొట్లు పెట్టుకున్న వాళ్ళు కొందరు, కారమడై వైపు పొలాలున్న వాళ్ళు కొందరు చేరి కట్టుకున్నది. దాన్ని ఇప్పుడు ధర్మకర్తల పెద్ద గోకులకృష్ణన్ ఒక గోడౌన్ కంపెనీకి బాడుగకు ఇచ్చేయాలని చూస్తున్నాడు. పెళ్ళిళ్ళన్నీ ఏసీ హాళ్ళకు పోయాయి, ఈ పాత మండపం ఎవరికి కావాలి అని అతని వాదన. కావలసిన వాళ్ళుంటే ఆదివారం పొద్దున వచ్చి కూర్చోండి, కుర్చీలు నిండితే కాగితం చించేస్తా, నిండకపోతే సంతకం పెడతా అని నలుగురి ముందర అన్నాడు. ఆ ఆదివారం ఎల్లుండే.

కుర్చీలు నింపడానికే చారులత ఫోనులో వాట్సాప్ గుంపు పెట్టింది. చారులత అంటే జంక్షన్ దగ్గర నాన్న వదిలిపోయిన ఇనుపసామాన్ల కొట్టు నడుపుకునే పిల్ల. మేకు అడిగినవాడికి సుత్తి కూడా అమ్మి పంపగలదు, మాట అంత గట్టిది. ఆమెకు తోడు ఇంకో అడ్మిన్ మేనమామ రఘురామన్, కోయంబత్తూరులో మోటారు పంపుల వ్యాపారి. గుంపు వాకిట్లో కాపలా కూర్చున్నది ఈ మామే. లోపలికి ఎవరు రావాలన్నా ఇంటిపేరు చెప్పాలి, కులదైవం ఏ ఊళ్ళో ఉందో చెప్పాలి. బడిలో, బ్యాంకులో అందరివీ ఇనిషియళ్ళే అయిపోయి, ఇంటిపేరనేది పెళ్ళి సంబంధాలప్పుడు మాత్రం పెట్టెలోంచి తీసే నగలాగా మిగిలింది ఆ పక్క. దాన్నే తాళంచెవి చేశాడు మామ.

చేసి ఏం లాభం? గుంపులో పొద్దున పూల బొమ్మ, సాయంత్రం మామ పంపే సింహం బొమ్మ. సింహం కింద ‘మన జాతీ మేలుకో’ అని తమిళ అక్షరాల్లో రాసిన తెలుగు. తెలుగు అక్షరం చదవగలిగిన వాళ్ళు అక్కడ వేళ్ళ మీద లెక్క. ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళమో ఇంగ్లీషో. అందుకే రాసినది ఎవరికీ ఎక్కలేదు. ఎక్కినదల్లా ఒక గొంతు.

ఒకనాడు ఏతాముల మీనాక్షమ్మ అని ఒక అవ్వ వాయిస్ పంపింది. “పాపల్లారా, ఆ మండపంలో తాళికట్టు వేళకు కరెంటు పోతే, కాలనీ గార్డులంతా రైలు లాంతర్లు పట్టుకొని వరసగా నిలబడినారు, అది మీకు ఎవురైనా చెప్పినారా? పెండ్లికూతురు మొగము ఒక పక్క ఎర్రగా, ఒక పక్క పచ్చగా కనపడుతా ఉండె” అని మొదలుపెట్టింది. అంతే. కారమడైలో కోడళ్ళు, మదురైలో కొట్ల వాళ్ళు, వాడిపట్టిలో రైతులు పనులు ఆపుకొని విన్నారు. మరునాడు ఇంకో కథ. ఆ మరునాడు ఇంకొకటి. మా తాత మాట్లాడినట్టే ఉందని ఒకరు, ఈ మాటలు మా ఇంట్లో ఎప్పుడో పోయాయని ఒకరు ఏడుపు గొంతుతో జవాబులు పంపారు. నూరు కూడా లేని గుంపు వెయ్యి దాటింది. ఆదివారం ఆ అవ్వ చేత మండపంలో దీపం పెట్టించాలని మామ తీర్మానించాడు. ఆ పిలుపుతో, అవ్వ కథల్లో విన్న పచ్చ తలుపు గుర్తు పట్టుకొని వచ్చిందే మన చారులత.

తలుపు తెరుచుకుంది.

అవ్వ కాదు. అరవై దాటిన ఒక ఆవిడ. నూనె రాసి బిగించిన ముడి, మెడలో సన్నటి గొలుసు, గొలుసుకు చిన్న సిలువ. చేతులు తడిగా ఉన్నాయి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఉన్నాయి. ఏదో పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది.

“యారు వేణుం?” అని, ఎవరు కావాలని తమిళంలో అడిగింది.

చారులత కూడా తమిళంలోనే, మీనాక్షమ్మ అవ్వను చూడాలని, తన పేరు చారులత అని చెప్పింది. ఆ పేరు వినగానే ఆవిడ ముఖంలో రంగు మారింది. తలుపు రెక్క పట్టుకొని మెల్లగా పక్కకు జరిగింది.

“లోపలికి రా పాపా. ఎండలో ఏంటికి అట్ల మాడుతా ఉండావు?”

చారులత గబుక్కున తలెత్తింది. అదే గొంతు! పొద్దున కొట్టు షట్టరు ఎత్తుతూ వినే గొంతు, రాత్రి కొడుకును జోకొడుతూ పెట్టే గొంతు. వెంటనే తనకు తానే సర్ది చెప్పుకుంది. కూతురై ఉంటుంది, తల్లి గొంతు కూతురికి రావడం వింతేమీ కాదు అనుకుంటూ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. గోడ మీద వేళాంగణ్ణి మాత పటం, పటం కింద సన్నగా వెలిగే నీలం బల్బు. ఆ పక్కనే బల్ల మీద ఫోను.

“అవ్వ పడుకొని ఉండారా అక్కా? లేపొద్దండి. నేను కూచొని ఉంటా.”

ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. “తాగు ముందు.”

తాగింది.

“అవ్వ లేదు కణ్ణు.”

“బయటికి పోయినారా? ఎప్పుడు వస్తారు?”

“పోయింది. పన్నెండేండ్లాయె.”

చెంబు చారులత చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా ఉన్న ముఖాన్ని చూసింది, మెడలో సిలువను చూసింది, బల్ల మీద ఫోనును చూసింది. కొట్టులో కూర్చుని మనుషులను చదవడం అలవాటైన పిల్ల కదా, అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నమ్మడానికే పట్టింది.

“అయితే దినమూ మాట్లాడేది...”

“నేనే. నా పేరు ఆరోగ్యమేరి.”

చారులతకు కోపం కాళ్ళలోంచి వచ్చింది. లేచి నిలబడింది. “ఏమక్కా ఇది? వెయ్యి మందిని ఏమార్చినారు గదా! నా కొడుకు మీ గొంతు వింటేనే నిద్ర పోతాడు. మా అత్త మీ కోసం ఊరగాయ కట్టి పెట్టింది. మామ మీ చేత దీపం పెట్టించాలని ఊరంతా చెప్పుకొని ఉండాడు. చచ్చిపోయిన మనిషి పేరు పెట్టుకొని, మన వాళ్ళల్లో ఒకరు అని చెప్పుకొని...”

“నేను ముందు నా పేరే చెప్పినా పాపా.”

“ఎప్పుడు?”

“మండపం గేటుకు నువ్వు కాగితం అంటించినావే, నంబరు రాసి. ఆ సాయంత్రమే వాయిస్ పెట్టినా. అమ్మా, నేను ఆరోగ్యమేరి, మండపం వెనక సందులో ఉండాను, మండపం పోకూడదు, నన్నూ చేర్చుకో అని.” ఆవిడ కోపంగా చెప్పలేదు. పొద్దున పాలవాడు ఎన్ని గంటలకు వచ్చాడో చెప్పినట్టు చెప్పింది. “నువ్వు జవాబు పెట్టినావు. సారీ అక్కా, ఇది మన తెలుగువాళ్ళకు మాత్రమే, మీ సపోర్ట్‌కు నండ్రి అని. కింద చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టినావు. మరియాదగానే చెప్పినావు, తప్పు చెప్పకూడదు.”

చారులతకు గుర్తు లేదు. అదే అసలైన దెబ్బ. ఆ జవాబు మామ ఒకసారి రాసిచ్చాడు. దాన్ని కాపీ చేసి పెట్టుకుని, ఇంటిపేరు చెప్పలేని ప్రతివాళ్ళకూ కొట్టులో కస్టమరు ముందర నిలబడి ఉండగానే ఒక వేలితో నొక్కి పంపేసింది. టీ అంగడి మలయాళీ ఆయనకు పంపింది. రిటైరైన ఎవరో డ్రైవరుకు పంపింది. ఇంకా ఎంతమందికో. వాళ్ళలో ఒక ముఖమూ ఆమెకు తెలియదు.

“మరి... అవ్వ పేరు?”

“నా మూడో ఏట మా అమ్మ పోయింది. నాయనకు గార్డు పని, రైలు ఎక్కినాడంటే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో. పక్కన ఏతాముల వాళ్ళ మళిగ అంగడి, ఉప్పూ పప్పూ అమ్మేది. మీనాక్షమ్మ నన్ను తెచ్చి తన ఇంట్లో పడేసుకొనింది. తమిళం ముందు వచ్చిందో తెలుగు ముందు వచ్చిందో నాకే తెలియదు. ఆయమ్మ తిట్టిన తిట్లు, పాడిన పాట, చెప్పిన కథ, అన్నీ నా నోట్లో ఉండాయి.” ఆరోగ్యమేరి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. “నా పేరు చెప్తే వాకిలి మూసినారు. ఆమె పేరు చెప్తే అవ్వా రండి అని లేచి నిలబడినారు. చెప్పిన కథ ఒకటే గదా పాపా?”

చారులత చేతిలో చెంబును కింద పెట్టింది. కోపం ఇంకా ఉంది గానీ, దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు.

“ఆమెకు బిడ్డలు లేరా?” అని అడిగింది, ఏదో ఒకటి అడగాలని.

“ఒక కొడుకు. మాట తెగి ఊరు విడిచిపోయినాడు. మట్టి చేసినాకే వచ్చినాడు.” అంతకుమించి చెప్పదలచుకోనట్టు ఆరోగ్యమేరి లేచింది. “పొయ్యి మీద పప్పు ఉండాది, అడుగంటుతుంది. తిట్టేదుంటే అక్కడికి వచ్చి తిట్టు, రా.”

ఆ ఇంటి పెరటి తలుపు తీస్తే మండపం వెనక గోడ. గోడలో చిన్న తలుపు. చారులత తన పెళ్ళికి ఆ మండపంలో ముందు వాకిట్లోంచి మేళతాళాలతో అడుగుపెట్టింది, ఎన్నో మీటింగులకు వచ్చింది, కానీ వెనక ఇలా ఒక తలుపు ఉందని ఆనాటి వరకూ తెలియదు. అది దాటితే వంటకొట్టు. నల్లబడిన గోడలు, నడుమెత్తు పొయ్యిలు, కింద కూర్చుని గుమ్మడికాయ తరిగే ఆడవాళ్ళు. ఒకామె బియ్యం కడుగుతోంది, ఒకామె అరటాకులు తుడుస్తోంది. పనిలో ఎవరూ గొంతు ఎత్తడం లేదు.

“ఎవరింట్లో పెండ్లి?” అంది చారులత తమిళంలో, నోరు జారి.

అరటాకులు తుడుస్తున్న ఆవిడ తలెత్తింది. ఆమె పేరు తమిళ్‌సెల్వి, కాలనీలో ఇస్త్రీ బండి. “పెళ్ళి వంటకు ఇలా మూతి ముడుచుకుని కూర్చుంటామా తాయీ?” అని తమిళంలో అడిగి, అంతలోనే మెత్తబడి చెప్పింది. రైలు గేటు కాడ పని చేసిన చెల్లప్ప తెల్లారి పోయాడట.

ఆరోగ్యమేరి గరిటెతో పప్పు కలుపుతూ చెప్పింది. “చావు జరిగిన ఇంట్లో ఆ దినము పొయ్యి రాజకూడదు గదా. మండపం కట్టినప్పుడే మీ ఆడవాళ్ళు ఒక మాట పెట్టుకొనినారంట. కాలనీలో ఎవురు పోయినా, ఆ దినము అన్నము ఈ పొయ్యి మీద నుంచి పోవాల. ఎవురు అని అడిగేది లేదు. తెలుగోళ్ళు, తమిళోళ్ళు, మలయాళం వాళ్ళు, సట్టకారులు, అదే ఆంగ్లో ఇండియన్లు, అందరికీ. ఆడవాళ్ళు ఒక్కొక్కరే టౌనుకు పోయినారు, కొందరు చచ్చిపోయినారు. మీనాక్షమ్మ ఒక్కతే మిగిలి, నన్నూ వీళ్ళనూ పిలుచుకొనింది. ఆయమ్మ పోయినాక పొయ్యి ఆర్పేదానికి నాకు మనసు రాలేదు. కరోనాలో దినానికి రెండు తూర్లు రాజింది ఈ పొయ్యి.”

పప్పు వాసన చారులతను తాకింది. తాళింపు వేయని ఉత్త పప్పు. చావింటి వంటకు తాళింపు పెట్టరు. ఆ వాసన ఆమెకు తెలుసు. నాన్న పోయిన రోజు మధ్యాహ్నం, ఎవరో విస్తరి వేసి, ఎవరో అన్నం వడ్డించి, ఎవరో తల నిమిరి తినమని బలవంతం చేశారు. ఏదో హోటల్లో మామ చెప్పి తెప్పించి ఉంటాడనుకుంది ఇన్నేళ్ళూ. ఆరోగ్యమేరి ఆ సంగతి ఎత్తలేదు. చారులత కూడా అడగలేదు. పక్కనున్న పీట లాక్కుని, గుమ్మడికాయ ముక్క ఒకటి తీసుకుని, చేతికి దొరికిన కత్తితో చెక్కు తీయడం మొదలుపెట్టింది.

అంతలో ఫోను మోగింది. రఘురామన్ మామ. చెయ్యి గుమ్మడి జిగురుతో ఉందని స్పీకరులో పెట్టింది.

“ఏం పాపా, అవ్వను చూసినావా? ఆశీర్వాదం చేసినారా? చీర నచ్చిందా? ఆకుపచ్చ బార్డరుదే కొన్నావా, నేను చెప్పినట్ల?”

“చూసినా మామా.”

“విను, ఒక విషయం. గోకులకృష్ణన్ ఊరంతా ఏం చెప్తా ఉండాడో తెలుసా? మన గుంపులో సగం మంది దొంగ పేర్లంట! మనుషులే లేరంట, ఉత్త ఫోన్లంట! ఆదివారం ఒక్క దొంగపేరు బయటపడినా చాలంట, మీరు జనమే కాదు అని చెప్పి సంతకం పెడతాడంట. పెట్టమను! మన అవ్వను వేదిక మీద కూచోబెడితే నోరు మూసుకుంటాడు. ఇంకో విషయం. మదుర పక్క నుంచి రెండు బస్సులు. వాడిపట్టి పెద్దాయన ఊ అంటేనే ఆ బస్సులు కదిలేది. ఆయన అడిగింది ఒక్కటే, మీనాక్షమ్మ గారు వస్తారా అని. కండిప్పా, తప్పకుండా వస్తారు అని మాట ఇచ్చేసినా. ఆ రెండు బస్సులు రాకుంటే సగం కుర్చీలు ఖాళీ పాపా. మండపం పోయినట్టే. అవ్వ పక్కనుంటే ఒక్క నిమిషం ఇయ్యి, దండం పెట్టుకుంటా.”

ఆరోగ్యమేరి గరిటె పక్కన పెట్టి ఫోను వైపు వంగింది.

“బాగుండావా నాయనా?” అంది.

“అవ్వా! దండాలవ్వా!” అవతల మామ కుర్చీలోంచి లేచిన చప్పుడు కూడా వినబడింది. “మీ వాయిస్ విని మా అమ్మ జ్ఞాపకము వచ్చి, నేను... వ్యాపారం చేసేవాణ్ణి అవ్వా, ఆఫీసులో తలుపేసుకొని ఏడ్చినా. మీరు లేకుంటే ఈ గుంపుకు ఊపిరే లేదు. మండపం దక్కితే అది మీ వల్లనే.”

“నీ మనసు మంచిది. అందరికీ మంచి జరగాల” అంది ఆరోగ్యమేరి. మామ సంతోషంగా ఫోను పెట్టేశాడు.

ఆడవాళ్ళు తరగడం ఆపారు. తెలుగు అర్థం కాకపోయినా, గొంతుల్లో ఏముందో అర్థమైంది.

“అక్కా,” అంది చారులత కత్తి కింద పెట్టి, లోగొంతుతో. “ఆదివారం దాకా ఈ విషయం ఎవరికీ తెలియొద్దు. అవ్వకు జొరము, రాలేదు అని చెప్తా. ఒక వాయిస్ పెట్టండి చాలు, రండి పాపల్లారా అని. బస్సులు వస్తాయి. మండపం నిలబడుతుంది. తర్వాత మెల్లగా...”

“చచ్చిపోయిన ఆయమ్మకు జొరము అని చెప్తావా?”

ఎవరికి ముందు నవ్వు వచ్చిందో తెలియదు. ఇద్దరూ నవ్వేశారు. నవ్వుతూనే చారులత కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మరి ఏం చేసేది అక్కా? చెప్తే గుంపు పగులుతుంది. చెప్పకుంటే అబద్ధం. మామ ముఖం నేను ఎట్ల చూసేది?”

“పాపా, ఫోనులో గొంతు పెట్టేటప్పుడు నాకు భయము కాలేదు. కథ ఆయమ్మది, మాట ఆయమ్మది, నోరు మాత్రమే నాది అనుకొని పెట్టినా. అయితే ఎదురుగా నిలబడి, దీపం చేతిలో పట్టుకొని, నేను మీనాక్షమ్మ అని చెప్పలేను. ఆయమ్మ నన్ను అట్ల పెంచలేదు.” ఆవిడ చుట్టూ కూర్చున్న వాళ్ళను చూపించింది. “ఇంకొకటి అడుగుతా. ఆదివారం వీళ్ళకు కుర్చీలు ఉండాయా?”

“వీళ్ళు గుంపులో లేరే అక్కా.”

“అదే అడుగుతా ఉండా.”

చారులత ఒక్కొక్క ముఖమే చూసింది. తమిళ్‌సెల్వి చేతి మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలు. బియ్యం కడిగే ఆమె వంగిన నడుము. ఆ మండపం ఎవరికి కావాలి అని గోకులకృష్ణన్ అడుగుతున్నాడు. దానికి జవాబు ఈ పొగలో, కూతవేటు దూరంలో కూర్చుని ఉంది. తాను మాత్రం వాడిపట్టి నుంచి, కారమడై నుంచి మనుషులను వెతికి వెతికి చేర్చుకుంటూ, ఈ గోడ వెనక ఉన్న వాళ్ళకు చేతులు జోడించిన బొమ్మ పంపించింది. మామ పెట్టిన వాకిలి తప్పని కూడా అనలేకపోయింది ఆ పిల్ల. ఆ ఇంటిపేరు అడిగినందుకే కదా వెయ్యి మంది మురిసిపోయి వచ్చారు! మనల్ని ఎవరో మన పేరు పెట్టి పిలిచారని వచ్చారు. పిలిచిన పిలుపే ఇంకొకరికి తలుపు మూస్తుందని ఎవరు అనుకున్నారు?

“పెట్టండి అక్కా,” అంది చివరికి. “మీ పేరుతో పెట్టండి. నా ఫోను నుంచే పెట్టండి. అడ్మిన్ పెట్టినట్లుంటుంది. తిట్లు వస్తే ఇద్దరికీ వస్తాయి.”

ఆరోగ్యమేరి ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకుంది.

“పాపల్లారా, నాయనల్లారా. నేను మీనాక్షమ్మను కాదు. ఆయమ్మ పోయి పన్నెండేండ్లాయె. నా పేరు ఆరోగ్యమేరి. రైల్వే గార్డు జోసెఫు కూతుర్ని. నాకు ఇంటిపేరు లేదు. ఆయమ్మ ఇంట్లో పెరిగినా, ఆయమ్మ మాట నేర్చినా. మీకు చెప్పిన కథల్లో ఒకటీ అబద్ధము లేదు, పేరు ఒకటే అబద్ధము. అది తప్పే. మీరు ఏమి చెప్పినా పడతా. మండపాన్ని మాత్రం విడవొద్దండి. ఇక్కడ పొయ్యి ఇంకా రాజుతా ఉండాది. నేను గుంపులో ఉండొచ్చా కూడదా, మీరే చెప్పండి.”

వేలు తీసింది. వాయిస్ వెళ్ళిపోయింది.

పప్పు ఉడికే చప్పుడు. తర్వాత గుంపు కింద ఒక వరుస పడింది, నివేదిత అనే ఎవరో గుంపు వదిలి వెళ్ళిపోయారని. దాని కింద ఇంకొకరు. ఇంకొకరు. ‘చీటింగ్’ అని ఇంగ్లీషులో ఒకరు. ‘అడ్మిన్ ఏం చేస్తున్నట్టు?’ అని తమిళంలో ఒకరు. మామ దగ్గర్నుంచి ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. చారులత ఎత్తలేదు. ఎత్తే ధైర్యం లేదు.

అప్పుడు కారమడై నుంచి సుగంధి అనే కోడలి వాయిస్. పసిబిడ్డ ఏడుపు మధ్యలో అరుస్తూ మాట్లాడుతోంది. “ఆమా, అవును, అంతా సరి. నాకు ఒకటే సందేహం. ఇకమీద అవ్వా అని పిలవాలనా, అక్కా అని పిలవాలనా? కథ మాత్రం ఆపొద్దండి తల్లీ, నా బిడ్డ అన్నం తినదు!”

వంటకొట్టులో గాలి ఆడినట్టయింది. చారులత ఫోను గుండెకు హత్తుకుంది. దాని వెనకే ఇంకో వాయిస్ వచ్చింది. ఆ నంబరు చూసి ఆమె పీట మీద నిటారుగా కూర్చుంది. వాడిపట్టి పెద్దాయన. గుంపులో చేరిన నాటి నుంచి నోరు విప్పని మనిషి. రెండు బస్సుల మనిషి.

“చీటింగ్ అని ఎవురూ చెప్పొద్దండి,” అంది ఒక బొంగురు గొంతు. “నా పేరు లక్ష్మణన్. ఏతాముల లక్ష్మణన్. మీనాక్షమ్మ నా కన్నతల్లి. ఇది మా అమ్మ గొంతు కాదని నాకు మొదటి దినమే తెలుసు. మాట మాత్రం అమ్మదే. ఆ మాట వినేదానికి నోరు మూసుకొని ఉన్నా. మేరీ, విను. మీనాక్షమ్మ వస్తుందా అని నేను అడిగింది, నువ్వు వస్తావా అనే. మా అమ్మకు కడపట నీళ్ళు పోసింది నువ్వు. పోయే ముందర నా గురించి ఒక మాట చెప్పిందని, అది నీకు ఒక్కదానికే తెలుసునని కాలనీలో విన్నా. పన్నెండేండ్లుగా అడగలేక పోయినా. ఇప్పుడు అడుగుతా ఉండా. ఆదివారము ఆ పొయ్యి కాడ, మన ఇద్దరమే ఉన్నప్పుడు, ఆ మాట నాకు చెప్తావా? చెప్తా అని ఒక్క వాయిస్ పెట్టు. నా మనుషులను బస్సు ఎక్కమని ఇప్పుడే చెప్తా. చెప్పను అంటే, ఆ మండపం గడప తొక్కే బలము నాకు లేదు. నేను కదలకుంటే వాళ్ళు కదలరు.”

చారులత ఆనందంతో ఆరోగ్యమేరి చెయ్యి పట్టుకుంది. “పెట్టండక్కా! సరి అన్నా, చెప్తా అని పెట్టండి. రెండు బస్సులక్కా! కుర్చీలు నిండినట్టే!”

ఆ చెయ్యి చల్లగా ఉంది. ఆరోగ్యమేరి ఫోను తీసుకోలేదు. పొయ్యిలో మంటను చూస్తూ, ఎవరికీ వినపడకూడదన్నట్టు చెప్పింది.

“ఎట్ల పెట్టేది పాపా? ఆ మాట లక్ష్మణన్నకు మాత్రం నేను చచ్చేదాకా చెప్పకూడదని, నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకొని పోయింది ఆయమ్మ.”